షార్ట్ ఫిల్మ్‌కి నేరేటివ్ థియరీ ముందా, కథ ముందా?

మూడోషాట్:
మాది 5 నిమిషాల స్టూడెంట్ ఫిల్మ్, ప్లానింగ్ ఫైల్‌లో నేరేటివ్ థియరీ, అంటే కథలు ఎలా నడుస్తాయో చెప్పే సిద్ధాంతాలు, ఎలా వాడామో రాయాలి. నేననేది, థియరీ ముందేసుకుంటే కథ చచ్చిపోతుంది. కథల మీద థియరీ రాసిన టోడొరోవ్ చెప్పిన 5 దశలున్నాయి కదా, అంతా బాగుండటం, అది చెదరడం, చెదిరిందని తెలియడం, సరిచేసుకోబోవడం, మళ్ళీ కుదుటపడటం, ఒక్కోదానికి నిమిషం చొప్పున పంచి రాశా. అలారం మోగింది, లేచాడు, పళ్ళు తోముకున్నాడు, బూట్లేసుకున్నాడు, నిమిషం అయిపోయింది, ఇంకా ఏమీ జరగలేదు!

కత్తెర:
అది టోడొరోవ్ తప్పు కాదండి, సమానంగా పంచమని ఆయన ఎక్కడా అనలేదు. మేం అన్నదమ్ముల కథ తీసినప్పుడు మొదటి షాట్ బాత్రూమ్ గ్లాసులో రెండు బ్రష్షులు, ఒకటి తడిగా, ఒకటి ఎండిపోయి. ఇద్దరుండే ఇల్లనీ, ఒకడు కొన్నాళ్ళుగా రావట్లేదనీ 4 సెకన్లలో తెలిసిపోయింది. ముందు అన్న తిరిగొచ్చేసినట్టే రాసుకున్నాం. చివరి దశ మొదటిదానిలా ఉన్నా అచ్చంగా అదే కాదు అని టోడొరోవ్ అన్నది చదివాక ఎండింగ్ మార్చాం, అదే గ్లాసు, ఒకటే బ్రష్షు. నాకైతే థియరీ అక్కడ నిజంగా పనికొచ్చింది.

మూడోషాట్:
మరి హీరో, విలన్ అంటూ పాత్రల లిస్టు ఇచ్చిన ప్రాప్ అనే ఆయన సంగతి? మా కథలో ఇద్దరే మనుషులు, మా గైడేమో విలన్ ఎవరు అని ఒకటే అడగడం.

లైట్‌మన్:
ప్రాప్ 1928లో రాసింది రష్యన్ జానపద కథల గురించి బ్రో. 31 ఫంక్షన్లన్నాడు, అంటే కథలో వరసగా వచ్చే ఘట్టాలు, అవన్నీ ప్రతి కథలో ఉండాలనలేదు. ఆయన 7 పాత్రలు కూడా మనుషులు కాదు, చేసే పనులు, ఒకే మనిషి రెండు మూడు చెయ్యొచ్చు. కానీ నేను సగం నీ వైపే. ఒక మూడ్ మీద నడిచే సినిమాకి షూటింగ్ అయిపోయాక లేబుళ్ళు అతికించి ఫైల్ నింపితే ఎవరికి లాభం?

కత్తెర:
అతికించొద్దు, అడగండి. బార్త్ అనే ఇంకో థియరిస్టు ఎనిగ్మా కోడ్ అన్నాడే, అంటే చూసేవాడిలో ప్రశ్న లేపి జవాబు దాచడం, మొదటి నిమిషంలో చూసేవాడికి ఏం తెలుసుకోవాలనిపిస్తోంది? జవాబు లేకపోతే స్క్రిప్ట్ మళ్ళీ రాయాల్సిందే. ఫైల్‌లో పనికిరానివి కూడా రాయండి, విలన్‌ని పెట్టి చూశాం, ఇందుకు తీసేశాం అని, అది కూడా థియరీ వాడినట్టే.

మూడోషాట్:
అలారం సీన్ లేపేశా. ఇప్పుడు లేసు కట్టుకుంటుంటే ఫోన్ మోగుతుంది, రెండో బూటు లేసు ఊడిపోయి ఉండగానే పరిగెత్తుతాడు. విలన్‌ని మాత్రం పెట్టను, ఎందుకు పెట్టట్లేదో ఒక పేజీ రాస్తా.