స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మా కాలనీ ఈ వానలకు ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: తిరుచానూరు కొత్త నివాసి

అందరికీ నమస్కారం. మేము గత వేసవిలో తిరుచానూరు దాటాక స్వర్ణముఖికి దగ్గరగా ఉన్న ఒక కాలనీలో ఇల్లు కొనుక్కొని వచ్చాము. వచ్చినప్పటి నుంచి ఏటిలో ఇసుక, ముళ్లకంపలు తప్ప నీళ్లు చూసింది లేదు. అయితే 2021 నవంబరులో ఇదే ఏరు ఒడ్డును కోసేసి ఇళ్లను కూల్చిందని, మా వీధిలో నడుములోతు నీళ్లు నిలిచాయని ఇరుగుపొరుగు వారు చెబుతున్నారు. మా ప్రహరీగోడ లోపలి వైపు సున్నం వేయని చోట ఆనాటి బురద చార ఇప్పటికీ ఉంది. అది నా నడుము కంటే కొంచెం పైనే ఉన్నది.

మా అమ్మ మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేరు. మా వరుసలో ఇలాంటి పెద్దవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి కనుక, అంతకు ముందే కాలనీ సంఘం తరఫున ఏమి చేయాలో, ఏ సూచన కనబడితే ఇల్లు వదలాలో, నీళ్లు తీసిన తరువాత ఏ జాగ్రత్తలు పడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1: విశ్రాంత ఇరిగేషన్ ఉద్యోగి, చంద్రగిరి

ముందుగా అడిగినందుకు సంతోషమండి. మన వైపు చాలామంది వరద అనగానే గోదావరిని ఊహించుకుంటారు. అక్కడ భద్రాచలం దగ్గర నీటిమట్టం చూసి, దిగువన ఉన్నవారికి ఒకటి రెండు రోజుల ముందే హెచ్చరిక ఇవ్వగలరు. స్వర్ణముఖికి ఆ సావకాశం లేదు. ఏరు పుట్టేది పక్కనున్న కొండల్లోనే. శేషాచలం మీద, చంద్రగిరి, పాకాల గుట్టల మీద కురిసిన వాన గంటల్లోనే మీ దగ్గరికి వచ్చేస్తుంది, అది కూడా తరచుగా రాత్రిపూటే వస్తుంది.

మీ ఇంటిని ముంచేది ఏరు ఒక్కటే కాదన్నది నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండితే దాని మొరవ (అలుగు) పారి కిందిచెరువులోకి, అదీ నిండితే వంక(వాగు)లోకి, చివరకు ఏటిలోకి నీళ్లు దిగుతాయి. ఏరు నిండుగా పారుతున్నప్పుడు వంక నీళ్లు అందులో కలవలేక వెనక్కి ఎదురెక్కి ఊళ్లోకి వస్తాయి. తిరుపతి చుట్టుపక్కల ఆ వంకలు చాలాచోట్ల ప్లాట్ల కింద పూడిపోయాయి, మొరవ కాలువల మీద గోడలు లేచాయి. నీళ్లు మాత్రం పాత దారినే వెతుక్కుంటాయి. అందువల్ల మొదట మీ సంఘంలో నలుగురు, స్థానికంగా పుట్టి పెరిగిన ఒక పెద్ద రైతును వెంటబెట్టుకొని, ఏ చెరువు మొరవ మీ వైపు దిగుతుందో నడిచి చూడండి. కల్వర్టుల కింద పేరుకున్న కంప, ప్లాస్టిక్ చెత్త సెప్టెంబరులోనే తీయించండి. మీరు చేయగల పనులన్నింటిలో దీనికి మించిన ఫలితం ఇచ్చేది నాకు తెలిసి మరొకటి లేదు.

సూచనల విషయానికొస్తే, 2021లో మనల్ని ముంచిన వాయుగుండం ఆంధ్ర తీరంలో దాటలేదు. నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. కాబట్టి బంగాళాఖాతంలో ఏర్పడినది చెన్నై వైపు పోతోందని విన్నప్పుడు మనకేమీ కాదులే అని ఊరుకోకూడదు, అలాంటప్పుడే మనం మేలుకొని ఉండాలి. భూమి అప్పటికే నాని, చెరువులు మొరవ పోతూ ఉన్న నవంబరు చివరలో పడే వాన, అక్టోబరు మొదట్లో పడే అంతే వాన కంటే చాలా ప్రమాదకరం. ఎగువనున్న కల్యాణి డ్యాము గేట్లు ఎత్తుతున్నారన్న ప్రకటన వస్తే మీ కాలనీ ఆ నిమిషం నుంచే కదలాలి.

జవాబు 2: రామచంద్రాపురం మండలం రైతు

మాది రాయలచెరువు దిగువ ఊరు. రాయల కాలం నాటిదని చెప్పుకునే ఆ పెద్ద చెరువు కట్టకు 2021 నవంబరులో నీళ్లు ఊరడం మొదలైనప్పుడు, దిగువ పల్లెలన్నింటినీ ఖాళీ చేయమన్నారు. ఇసుక బస్తాలతో కట్టను బలపరుస్తూ, మరోవైపు నీటిని వదులుతూ కట్ట తెగకుండా కాపాడారు.

కట్ట దగ్గర కాపలా ఉండేవారు గమనించవలసినది ఊటనీటి రంగు. ఊట తేటగా వస్తున్నంతవరకు కొంత వ్యవధి ఉన్నట్టే. మట్టి కలిసి ఎర్రగా రావడం మొదలైతే కట్ట లోపల బుంగ పడుతోందని అర్థం. ఇక ఆలోచించకుండా దిగువవారికి కబురు పెట్టాలి. మొక్కలు, పుట్టలు ఉన్న చోట, తూము పక్కన ఎక్కువగా చూడాలి. సెల్‌ఫోను టవర్లు పనిచేయకపోవచ్చు కనుక గుడి మైకు, బ్యాటరీ, దండోరా వేసే మనిషి, ఈ మూడూ సిద్ధంగా ఉండాలి.

ఖాళీ చేయమన్నప్పుడు అందరూ ఒక్కసారిగా కదలరు, ఇది నేను కళ్లారా చూశాను. పాడి ఆవులను వదిలి రామనేవారు, కొత్తగా దించిన వడ్లను వదలలేనివారు, తాళం వేస్తే దొంగలు పడతారని భయపడేవారు ఉంటారు. ఆ భయాలు న్యాయమైనవే, వాటికి ముందుగానే జవాబు ఉండాలి. పశువుల పలుపులు విప్పి మెరక మీదికి తోలడానికి ఒకరిని నియమించండి. పలుపుతో కట్టేసిన ఆవు నీళ్లు వస్తే ఉన్నచోటే పోతుంది. ఇళ్లకు కాపలా ఉండే కుర్రవాళ్లు మేడల మీదే ఉండాలి, కిందికి దిగకూడదు. మీ అమ్మగారిని, ఇతర పెద్దలను మాత్రం వాన ఉధృతం కాకముందే బంధువుల ఇంటికి పంపేయండి. రాత్రి నీళ్లలో మంచం మీద మోసుకుపోవడం మోసేవారికీ ప్రమాదమే.

అదే నవంబరు 19న కడప వైపు చెయ్యేరు నది మీద ఏమి జరిగిందో మరవకండి. ఎగువన పించా ప్రాజెక్టు నీళ్లు వచ్చి చేరగా అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడివారికి లేచి పరుగెత్తే వ్యవధి కూడా దక్కలేదు.

జవాబు 3: స్టాఫ్ నర్సు, ఎం.ఆర్.పల్లి

నీళ్లు తీసిన తరువాతి సంగతి నేను చెబుతాను. మొదట మెయిన్ స్విచ్ ఆపి ఉందో లేదో చూడాలి. తడిసిన మీటరును, మోటారును ఎలక్ట్రీషియన్ చూసేవరకు ముట్టుకోవద్దు. బీరువాల వెనుక, చెప్పుల స్టాండులో, మడిచిన పరుపుల్లో పాములు చేరతాయి కాబట్టి కర్రతో తట్టి చూశాకే చెయ్యి పెట్టండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టు కట్టడం చేయకుండా, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సంపు (నేలలో కట్టుకున్న నీటి తొట్టి) గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బురదనీరు చేరింది కదా అని వెంటనే సంపును పూర్తిగా తోడేయకండి. చుట్టూ భూగర్భజలం నిండుగా ఉన్నప్పుడు ఖాళీ అయిన సంపును ఆ నీరు కిందినుంచి పైకి నెడుతుంది. 2021 వరదల తరువాత మన శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి సంపు, లోపల ఒకావిడ శుభ్రం చేస్తూ ఉండగానే, సిమెంటు ఒరలతో సహా భూమిపైకి లేచిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏరు తగ్గి, నేల కొంత ఆరాక శుభ్రం చేయించి, బ్లీచింగ్ వేసి కడగండి. అంతవరకు తాగే నీరు బాగా మరిగించి చల్లార్చినదే కావాలి.

బురద ఎత్తేటప్పుడు కాళ్లకు బూట్లు తప్పనిసరి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం క్రిములు కాళ్ల పగుళ్ల నుంచి కూడా లోపలికి పోతాయి. వరద తరువాతి వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే, వరదనీటిలో తిరిగామని డాక్టరుకు తప్పక చెప్పండి. షుగరు, బీపీ మాత్రలు నెలకు సరిపడా జిప్ కవరులో పెట్టి, చీటీతో సహా పెద్దల సంచిలో ఉంచండి. శిబిరాలకు వచ్చేవారిలో మాత్రలు తెచ్చుకోనివారే నాకు ఎక్కువగా కనిపిస్తారు.

జవాబు 4: చిత్తూరు, నీవా నది గట్టు

పైన పెద్దలు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. మునిగిన స్కూటరుకైనా కారుకైనా తాళం తిప్పకండి. ఇంజనులో నీళ్లుంటే అది పూర్తిగా పాడైపోతుంది, ఇన్సూరెన్సువారు కూడా పేచీ పెడతారు. ఇల్లు కడగకముందే గోడ మీద నీటి మట్టం, పాడైన సామాను కనబడేలా ఫోటోలు తీసుకోండి. నష్టం రాసుకోవడానికి వచ్చేవారు వచ్చేసరికి మేము అంతా శుభ్రం చేసేసుకున్నాం, మా వరుసలో కొందరికి అందుకే పేరు ఎక్కలేదు.

పారే కాజ్‌వే మీద బండి దించవద్దు. మోకాలిలోతు కూడా లేని పారే నీరు కారును తేల్చి పక్కకు నెట్టగలదు, పైగా కింద రోడ్డు కోసుకుపోయి ఉందో లేదో తెలియదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ జవాబులు సంఘం గ్రూపులో పెట్టగా, ఈ ఆదివారం వంక వెంట నడవాలని నిర్ణయించాము. అమ్మను దీపావళికే శ్రీకాళహస్తిలో మా చెల్లెలి ఇంటికి పంపుతాము; వారి ఇల్లు ఏటికి దూరంగా మెరక మీద ఉంది. ఒక్క సందేహం మిగిలింది. మా వెనుక వీధిలో వంక మీద ప్రహరీ కట్టుకున్న ఒకాయన కల్వర్టు దగ్గరికి మమ్మల్ని రానివ్వడం లేదు. ఏమి చేయాలి?

జవాబు 5: విశ్రాంత ఇరిగేషన్ ఉద్యోగి, చంద్రగిరి

ముందు మర్యాదగా మాట్లాడండి. నీళ్లు ఆగితే మొదట మునిగేది ఆయన ఇల్లే కదా. వినకపోతే, గ్రామ రెవెన్యూ పటంలో ఆ వంక గీసి ఉంటుంది, గ్రామ సచివాలయంలో సర్వేయరును అడిగి చూపించమనండి. సంఘం సంతకాలతో తహశీల్దారుకు అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. అక్టోబరు రాకముందే కొలతకు పట్టుబట్టండి, వానలు మొదలయ్యాక ఆ బురదలో గొలుసు పట్టేవాడు దొరకడు.