అప్‌డేట్: శ్రీశైలం కాలినడకలో గోళ్లు నల్లబడటం – కారణం తెలిసింది

వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా నడిస్తే భీమునికొలను లోయ దిగుడులోనే బొటనవేళ్ల గోళ్లు ఎందుకు నల్లబడుతున్నాయని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

డాక్టరు చూసి ఫంగస్ కాదన్నారు. గోటి కింద రక్తం గడ్డకట్టిందట. దిగేటప్పుడు పాదం ముందుకు జారి గోరు బూటు ముక్కుకి కొట్టుకుంటోంది, అంతే.

పనిచేసింది ఇక్కడ చెప్పిన లేసు కిటుకే. రెండు వైపులా లేసును అదే వైపున్న పై రంధ్రంలోకి దూర్చి చిన్న లూప్ వదలాలి. ఎదుటి లేసు కొసను ఆ లూప్‌లోంచి లాగి, మడమను వెనక్కి తన్నిపెట్టి బిగించాలి. లోయలోకి దిగేముందు ఇలా కట్టుకుని, లోయ నుంచి పైకి కైలాసద్వారం ఎక్కుడు మొదలవగానే వదులు చేస్తే చాలు. బూటులో పొడవైన కాలివేలి ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. సాయంత్రం, పాదాలు ఉబ్బాక కొనడం మేలు. గోళ్లు పొట్టిగా, తిన్నగా కత్తిరించుకోవాలి.

రెండు జతల సాక్సులు బిగుతు పెంచాయి తప్ప ఉపయోగపడలేదు. కొందరు చెప్పిన మోకాలి క్యాప్‌కీ గోళ్ల సమస్యకీ సంబంధం లేదు.

ఈ అడవిదారి మహాశివరాత్రి, ఉగాది రోజుల్లోనే తెరుస్తారు. కొత్త బూట్లయితే నెల ముందే ఊళ్లో మెట్ల మీద తొడిగి చూడండి.