సమస్య: ఉడుత కాపు గాచె నొక్క తోట

నిర్వాహకుడు:
తెల్లవారి లేచేసరికి దానిమ్మ కింద ఆరు పిందెలు రాలి ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో గాటు. పూర్తిగా తిన్నది ఒక్కటీ లేదు, అదే నా బాధ. గోడ మీద తోక ఆడిస్తూ కూర్చున్న దాన్ని చూస్తుంటే ఈ పాదం వచ్చింది. ఉడుతాభక్తి, వారధి ఈసారి వద్దు. ఇదే చివరి పాదంగా, తోట దాటకుండా ఆటవెలదిలో పూరించండి.

ఉడుత కాపు గాచె నొక్క తోట

తూనీగ:
పిల్లి నక్కి రాగ బిట్టుగా నరచుచు
గూటి పిట్టలకును గురుతు దెలిపి
దొడ్డి కాచు కుక్క తూగుచు నుండంగ
ఉడుత కాపు గాచె నొక్క తోట

కళ్ళారా చూసిందే రాశాను. పిల్లి గోడ దిగిందంటే చాలు, కొమ్మకు అంటుకుపోయి తోక ఎగరేస్తూ ఆపకుండా అరుస్తుంది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోతాయి.

గురులఘువు:
కుక్క తూగడం బాగుంది. అయితే ‘ఉండంగ’ ద్రుతాంతం, అంటే చివర నకారం దాగిన మాట. దాని వెంట ‘ఉడుత’ వస్తే ‘నుడుత’ కావాలి. సమస్యను కదల్చలేరు కనుక మూడో పాదం చివర మరో మాట వెతకాలి.

తూనీగ:
పాదాంతంలో విరామం ఉంది కదండీ. ఇంతకుముందు ఇంకో సమస్యకు మీరు రాసిన చిలుక పూరణలో మీరు చెప్పుకున్న సమాధానమే ఇది.

గురులఘువు:
అక్కడ ద్రుతం లేదు, యడాగమం (రెండచ్చుల నడుమ ‘య’) రావలసిన చోటు. రెండూ ఒకటి కావు.

పాదుమట్టి:
నీరు పోసి పెంచి నెలలెన్ని గడచినన్
ఒక్క పండు నోటి కొదవలేదు
పండె నెవరి కొరకొ ఫలమెల్ల పక్వమై
ఉడుత కాపు గాచె నొక్క తోట

నిర్వాహకుడు:
ఆహా! నేను కాపలా అనుకొని ఇచ్చిన ‘కాపు’ను మీరు పంట చేశారు. తోటే కర్త అయింది. ఉడుతల కోసం కాసిన కాపు! ఒక్క అక్షరం మార్చకుండా కాపలాదారును దొంగను చేశారు. ఈ విరుపు నాకు తట్టనే లేదు.

తూనీగ:
విరుపుకు నమస్కారం. కానీ రెండో పాదం ఒకసారి పైకి చదవండి. మీరు ‘ఒదవలేదు’ అని రాశారు, చెవికి ‘కొదవ లేదు’ అని వినిపిస్తోంది. పండు దక్కలేదన్న దుఃఖం పండ్లకు లోటు లేదన్నట్టు మారిపోయింది.

పాదుమట్టి:
ఒప్పుకుంటున్నాను. ‘నోట నొదవలేదు’ అని మారుస్తాను, యతికీ ఇబ్బంది లేదు. మంచి చెవి అండీ మీది.

పొద్దుతిరుగుడు:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

దాచె గింజ మట్టి దవ్వి, మఱచిపోయె
వాన కురిసె, మొలక వచ్చె, నెదిగె
నీడ నిచ్చు వృక్షమె నేడు మా యింటికి
ఉడుత కాపు గాచె నొక్క తోట

నిర్వాహకుడు:
అమ్మా, రెండో పాదం ఎంత తేలిగ్గా నడిచిందో! మూడో పాదంలో ‘వృక్షమె’ భగణమైంది, ఒక లఘువు ఎక్కువ. ‘చెట్టె’ అనండి, సరిపోతుంది.

గురులఘువు:
గణం సరే, భావం అతకలేదు. పాతిపెట్టి మరచిపోయినది కాపరి ఎలా అవుతుంది?

పొద్దుతిరుగుడు:
తవ్వి తినేయకుండా వదిలేసింది కదండీ! ఆ గింజకు అంతకన్నా పెద్ద కాపలా ఏముంటుంది?

తూనీగ:
ఇది సమర్థన కాదు, కవిత్వమే. ఆ మాటనే పద్యంలోకి తీసుకురండి.

నిర్వాహకుడు:
పద్యాలు వస్తున్నాయి, పిందెలు మాత్రం రాలుతూనే ఉన్నాయి. మొక్క మీద నైలాను వల కప్పనా?

పాదుమట్టి:
వద్దండీ, దయచేసి వద్దు. నేను కప్పి చూశాను. ఒక పిల్ల ఉడుత వెనుక కాలు పోగుల్లో చిక్కుకుంది. గింజుకున్న కొద్దీ పోగు బిగిసింది. గోళ్ళ కత్తెరతో ఒక్కొక్క పోగూ కోస్తుంటే దాని గుండె నా వేళ్ళకు కొట్టుకుంటూ తెలిసింది. ఆ రోజే వల తీసేశాను. పైగా పెద్దవి నైలానును కొరికేస్తాయి. వాటి ముందు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోక తప్పదు.

కుండీలకైతే అర అంగుళం కన్నుల ఇనుప జాలీ కప్పండి, తవ్వలేవు. దానిమ్మకు పిందె దశలోనే ఒక్కో కాయకు సంచి కట్టండి. ఒంటరి చెట్టయితే నేలకు 6 అడుగుల ఎత్తున మానుకు 2 అడుగుల వెడల్పు రేకు చుట్టండి, గోళ్ళు జారిపోతాయి. పక్క గోడమీద నుంచి దూకే వీలుంటే మాత్రం రేకు దండగ. ఎండలు ముదిరితే పళ్ళెంలో నీళ్ళు పెట్టండి. గాటు వేసి వదిలేసే కాయల్లో కొన్ని దాహానికి కొరికినవే.

గురులఘువు:
కారం చల్లితే సరిపోదా?

తూనీగ:
సరిపోతుంది, వాన పడేదాకా. మళ్ళీ చల్లాలి. ఇప్పుడైనా అడగనివ్వండి: మీ చిలుక పూరణలో మిరప ఘాటుకు చిలుక ఎగిరిపోయిందన్నారు. పక్షులకు ఆ మంట తెలియదు. ఉడుతకు తెలుస్తుంది. అందుకే పిట్టలకు వేసే గింజల్లో కారం కలుపుతారు, పిట్టలు తింటాయి, ఉడుతలు మూతి తిప్పుకుంటాయి. ఆ పద్యంలో యతిప్రాసలన్నీ కుదిరాయి, చిలుకే కుదరలేదు.

గురులఘువు:
అది నాకు తెలియదు. చిలుక పద్యం తిరగరాస్తాను. ద్రుతం మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కొండగోగు:
ఆలస్యంగా వచ్చాను. క్రమాలంకారంలో ఒకటి.

జామపండు నెద్ది చవిచూచి పారును?
కర్రబట్టి తాత కటిక యెండ
నేమి చేసె? దేని నెండనీయక పెంచె?
ఉడుత, కాపు గాచె, నొక్క తోట

నిర్వాహకుడు:
మూడు ప్రశ్నలకు మూడు జవాబులు, వరుస తప్పలేదు. తాతను ఎండలో నిలబెట్టి మొక్కను ఎండనీయకపోవడం చూడండి! పాదుమట్టి గారి విరుపు తర్వాత నాకు బాగా నచ్చింది ఇదే.

గురులఘువు:
నాకు అన్నిటికన్నా ఇదే. ‘కర్ర’కు బండి ‘ఱ’ వేయండి.

కొండగోగు:
కఱ్ఱ. సవరించాను.