అప్‌డేట్: చిన్న టేబుల్ సా మంచిదో కాదో షాపులోనే ఎలా తేల్చాలి?

ఫ్లాట్ బాల్కనీలో వాడటానికి 210 మి.మీ. బ్లేడ్ టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడ్ పైకి వచ్చే చెక్క కోత మెషిన్) నాణ్యత ఎలా పట్టుకోవాలని అడిగాను. మీ జవాబులతో బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డులో మెషిన్లు చూశాక తేలినవి ఇవి.

వాట్ల సంగతి తర్వాత, ముందు ఫెన్స్, అంటే చెక్కను ఆనించి నెట్టే పక్క పట్టీ. లాక్ చేసి వెనక చివరను పక్కకు నెట్టాలి. కదిలిందా, ఆ మెషిన్ వదిలేయండి. ఫెన్స్ అలా జరిగితే, టేకు చీల్చేటప్పుడు చెక్క వెళ్లి బ్లేడ్ వెనక పళ్లకు ఒత్తుకుని మన మీదికే తన్నుతుంది.

రెండోది, బ్లేడ్ మైటర్ గాడికి (అడ్డకోతల గైడ్ జారేందుకు బల్ల మీద ఉండే గాడి) సమాంతరంగా ఉందా అన్నది. ప్లగ్ తీసేసి, బ్లేడ్ పూర్తిగా ఎత్తి, ఒక పన్నుకు స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టండి. గాడి నుంచి ఆ పన్ను దూరం ముందు వైపు కొలిచి, అదే పన్నును వెనక్కి తిప్పి మళ్లీ కొలవండి. వేరే పన్ను కొలిస్తే బ్లేడ్ వంకర కూడా లెక్కలో కలిసిపోతుంది. తేడా 0.1 మి.మీ. లోపుంటే చాలా బాగున్నట్టే. ఎక్కువుంటే బోల్టులు వదులు చేసి సర్దే వీలుందా అని అడగాలి, లేకపోతే ఎంత చవకైనా దండగే.

రైవింగ్ నైఫ్ (కోసిన చెక్క మళ్లీ మూసుకోకుండా బ్లేడ్ వెనక ఉండే రేకు) బ్లేడ్ రేకు కంటే మందంగా, పళ్ల కోత (పళ్లు చేసే గాటు వెడల్పు) కంటే సన్నగా ఉండాలి. రేకు 1.8, కోత 2.6 అయితే నైఫ్ 2.2 మి.మీ. దగ్గర. సన్నకోత బ్లేడ్‌కు మారేవాళ్లు ఇది చూసుకోరు, చెక్క నైఫ్ దగ్గరే ఇరుక్కుంటుంది.

బ్లేడ్ రంధ్రం సైజు కూడా అడగండి. 30 మి.మీ.దా, 25.4దా అన్నదాన్ని బట్టే ఇక్కడ బ్లేడ్లు దొరకడం. ప్లైకి 60 పళ్లది, చీల్చడానికి 24 పళ్లది విడిగా కొనాల్సిందే.