బొమ్మపై పిల్లల ఎమర్జెన్సీ సాధన: మీ అనుభవాలు తెలియజేయగలరు

కావలి స్టాఫ్ నర్సు:
మా ఆసుపత్రిలో పిల్లల ఎమర్జెన్సీలపై నర్సులకు బొమ్మతో శిక్షణ మొదలుపెట్టాలనుకుంటున్నాము. ఇప్పటికే చేసినవారు అందులో నిజంగా పనికొచ్చినదేమిటో చెప్పగలరు.

ఒంగోలు పీఐసీయూ సిస్టర్:
మాది పిల్లల ఐసీయూ (పీఐసీయూ). నా దృష్టిలో ఎక్కువ సాధన కావలసినది ఛాతీ నొక్కడానికి కాదు, గుండె ఆగినప్పుడు ఇచ్చే అడ్రినలిన్ మందును పలుచన చేయడానికి. మన ట్రేలోని చిన్న గాజు ఆంప్యూల్‌లో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము మందు ఉంటుందనీ, దానికి 9 మిల్లీలీటర్ల సలైన్ కలిపి, అందులోంచి బిడ్డ బరువు కిలోకు 0.1 మిల్లీలీటరు చొప్పున ఇవ్వాలనీ మాకందరికీ కంఠస్థమే. అయినా 10 కిలోల బిడ్డకు గుండె ఆగిందని చెప్పి గడియారం పెట్టగానే, పదిహేనేళ్ల అనుభవమున్న నేను పలుచన చేయని మందునే 1 మిల్లీలీటరు సిరంజిలోకి తీశాను. అంటే పదిరెట్లు ఎక్కువ. బొమ్మ కాబట్టి సరిపోయింది. ఆనాటి నుంచి సిరంజికి చీటీ అంటించి, బరువూ మోతాదూ బిగ్గరగా చెప్పి, ఎదుటివారు తిరిగి పలికిన తరువాతే మందు ఇస్తున్నాము.

చీమకుర్తి నర్సు:
మాది చిన్న ఆసుపత్రి. ఆంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి శ్వాస అందించే సంచి), ఒక మామూలు శిశువు బొమ్మ తప్ప మరేమీ లేవు. కాపాడేవారు ఇద్దరుంటే ఛాతీపై 15 నొక్కులకు 2 శ్వాసలని తెలిసినా, మాస్కు అంచుల నుంచి గాలి పోతున్నదని బొమ్మ ఛాతీ లేవనప్పుడే గ్రహించాము. మా ప్రాంతానికి తగినట్లు తేలు కుట్టిన పిల్లవాడి సన్నివేశాన్ని కూడా చేర్చుకున్నాము: చేతులు చల్లబడి, చెమటలు ధారగా కారుతుంటే డాక్టరుగారి సూచనపై రక్తనాళాలను సడలించే ప్రాజోసిన్ మందు కిలోకు 30 మైక్రోగ్రాములు ఇవ్వాలి, ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉన్నందున సలైన్ ఇష్టమొచ్చినట్లు ఎక్కించరాదు. తల్లిగా నటించిన మా ఆయమ్మ పెట్టిన శోకాలకు లెక్కలన్నీ మరచిపోయాము.

కావలి స్టాఫ్ నర్సు:
డాక్టరుగారి ఎదుట తప్పు చేస్తే పరువు పోతుందని మావాళ్లు జంకుతున్నారు, అక్కా.

ఒంగోలు పీఐసీయూ సిస్టర్:
మాకూ ఆ జంకు ఉండేది. సాధన ముగిశాక కూర్చున్నప్పుడు డాక్టరుగారే ముందుగా తన పొరపాటు చెప్పుకోవడంతో సగం తగ్గింది. మార్కులు వేయకండమ్మా. డ్యూటీ మారే వేళ వార్డులోనే పది నిమిషాలు చేయించండి, నైట్ డ్యూటీవారిని వదలకండి. మరొక మాట: సాధనకు వాడిన సిరంజిలన్నీ లెక్కపెట్టి తీసివేయండి, ఒకసారి అడ్రినలిన్ చీటీ అంటించిన నీళ్ల సిరంజి మా అసలు ట్రేలోనే మిగిలిపోయింది.