విమ్‌లో ఒకే ఫైలు రెండు విండోల్లో తెరిచి 11 బాకీలు పోగొట్టుకున్నాను

పర్లాకిమిడి జిరాక్స్:
కోర్టు దగ్గర మాది జిరాక్స్ షాపు. గుమస్తాల బాకీలన్నీ ఒకే టెక్స్ట్ ఫైల్లో రాస్తాను. మా బావమరిది కంప్యూటర్లో లినక్స్ వేసి, విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ అలవాటు చేశాడు. (టెర్మినల్లో తెలుగు వత్తులూ ఒడియా గుణింతాలూ చెదిరిపోతాయి, అందుకని పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే.) నిన్న పొద్దున ఫైలు తెరిస్తే ఫైలు ఇంకోచోట తెరిచి ఉందేమో, లేక మధ్యలో ఆగిపోయిందేమో అని విమ్ హెచ్చరించే ఆ పొడుగాటి ‘అటెన్షన్’ మెసేజ్ వచ్చింది. రోజూ వచ్చేదే కదా అని ఇ (ఎలాగైనా తెరువు) కొట్టి లోపలికి పోయాను. 11 పద్దులు రాసి, సేవ్ చేసి మూసేశాను. సాయంత్రం చూస్తే మొన్నటి విండో ఒకటి కింద తెరిచే ఉంది. పాతపట్నం నుంచి వచ్చినాయన పద్దు అందులో రాసి సేవ్ చేశాను. పొద్దుటివన్నీ మాయం! మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి?

రాయగడ కుర్రాడు:
సేవ్ చేసేటప్పుడు ‘చదివాక ఫైలు మారింది, నిజంగా రాయాలా’ అని అడిగి ఉండాలే?

పర్లాకిమిడి జిరాక్స్:
అడిగింది తమ్ముడూ. వై కొట్టాను. షాపు నిండా జనం.

రాయగడ కుర్రాడు:
అన్నా, ఆ మెసేజ్ అసలు రోజూ ఎందుకొస్తోంది? కరెంటు పోయి సిస్టమ్ ఆగినప్పుడల్లా స్వాప్ ఫైలు (సేవ్ చేయని మార్పులు విమ్ దాచుకునే ఫైలు) ఫోల్డర్లో ఉండిపోతుంది. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా కనబడదు. ముందు ఆ పాతవి తేల్చండి. మెసేజ్ వచ్చినప్పుడు ఆర్ (రికవర్) కొట్టి, వచ్చినదాన్ని వేరే పేరుతో సేవ్ చేసి, అసలు ఫైలుతో పోల్చుకున్నాక స్వాప్ తీసేయండి. తీసేదాకా మెసేజ్ వస్తూనే ఉంటుంది, మీరు ఇ కొడుతూనే ఉంటారు. ఆ తర్వాత ఎప్పుడైనా వస్తే అందులో ప్రాసెస్ ఐడీ (ఫైలు తెరిచిన విమ్ నంబరు) పక్కన ‘స్టిల్ రన్నింగ్’ (ఇంకా నడుస్తోంది) అని ఉందేమో చూడండి. ఉంటే ఫైలు ఇంకోచోట తెరిచి ఉన్నట్టే. క్యూ (క్విట్) కొట్టి బయటికొచ్చి ఆ విండో వెతుక్కోండి.

సిరొంచ టీచర్:
విమ్‌ఆర్‌సీలో (విమ్ సెట్టింగుల ఫైలు) ఆటోరీడ్ పెట్టుకోండి. మీరేమీ మార్చని విండో అయితే, ఫైలు బయట మారిందని తెలియగానే కొత్తది చదువుకుంటుంది. టెర్మినల్లో ఒక్కోసారి వెంటనే పట్టుకోదు, కాబట్టి పాత విండోలో చెయ్యి పెట్టేముందు కోలన్ చెక్‌టైమ్ (ఫైలు బయట మారిందేమో చూసే కమాండ్) కొట్టండి. ఒకే ఫైలు రెండు చోట్ల చూడాలంటే రెండో విమ్ ఎందుకు? కోలన్ ఎస్‌పీ కొడితే ఉన్న విండోనే రెండవుతుంది, బఫర్ (విమ్ లోపల తెరిచిన కాపీ) మాత్రం ఒకటే. స్వాప్ ఫైలే ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. మెసేజ్‌తో పాటు, కరెంటు పోతే సేవ్ చేయని పద్దులూ పోతాయి.

పర్లాకిమిడి జిరాక్స్:
ఫోల్డర్లో మూడు స్వాప్ ఫైళ్లు పేరుకుని ఉన్నాయి మాస్టారూ! పోల్చి చూసి తీసేశాను. ఈరోజు ఫైలు తెరిస్తే ఏ మెసేజూ రాలేదు, అదే వింతగా ఉంది. 11లో 8 బాకీలు గుమస్తాలే వచ్చి చెప్పారు. మిగతా 3 ఎవరివో తెలియక, చెత్తబుట్టలో పాడైన కాపీలు తిరగేస్తున్నాను.