టీకా తర్వాత అమ్మ భుజం పట్టేసింది, పరిహారం అడగవచ్చా?

మాది నెల్లూరు జిల్లా కావలి. నాలుగు నెలల క్రితం అమ్మకు ఒక ప్రైవేటు క్లినిక్‌లో డబ్బు కట్టి ఫ్లూ టీకా వేయించాను. సూది కండలో కాకుండా బాగా పైన, భుజం ఎముక దగ్గర గుచ్చారు. ఆ రాత్రే నొప్పి మొదలైంది. ఇప్పటికీ అమ్మ చేయి వెనక్కి తిప్పి జడ వేసుకోలేకపోతోంది. అటక మీది డబ్బా దించాలన్నా నన్నే పిలుస్తుంది. తప్పు టీకా మందుది కాదు, సూది గుచ్చిన చోటుది.

అమెరికాలో ఈ గాయాన్ని 2017లో టీకా పరిహార పథకంలో చేర్చారు; 48 గంటల్లోపు నొప్పి మొదలై ఉండాలి. మనకు అలాంటి పథకం లేదు కనుక జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటున్నాను. గడువు రెండేళ్లే. ఇలాంటి కేసు వేసినవారు ఎవరైనా ఉన్నారా? బిల్లు, స్కానింగ్ రిపోర్టు సరిపోతాయా? మరో ఎముకల డాక్టరు అభిప్రాయం కూడా రాయించుకోవాలా? దయచేసి చెప్పండి.